బట్టల పెట్టె వాసన వేసిన మందు

పంచదార డాక్టరు మందిచ్చే ముందు అడిగే ప్రశ్నలకు జబ్బే విసుగెత్తి లేచిపోయేదని ఊళ్ళో చెప్పుకునేవారు. అందులో కాస్త ఉప్పూ కారం కలిసినా మరీ అబద్ధమేం కాదు. తలనొప్పి అని వచ్చినవాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, కుడివైపా ఎడమవైపా అని మొదలుపెట్టేవాడు. అక్కణ్ణుంచి ఏ పక్కకు తిరిగి పడుకుంటావు, దుప్పటిలోంచి కాళ్ళు బయట పెడతావా, ఎవరైనా ఓదారిస్తే ఏడుపు తగ్గుతుందా పెరుగుతుందా, కలలో నీళ్ళు కనిపిస్తాయా, చిన్నప్పుడు నిన్ను కుక్క ఏమైనా తరిమిందా అంటూ పోయేవాడు. ఒకాయన రైలుకి ఇంకా టైముంది కదా అని జలుబు మందు కోసం ఆగాడట. జవాబులన్నీ చెప్పి బయటపడేసరికి, ఆయన ఎక్కాల్సిన రైలు వెళ్ళాల్సిన ఊరికి వెళ్ళి, తిరిగొచ్చి, మళ్ళీ బయల్దేరడానికి కూత వేస్తోందట. జలుబు మాత్రం తగ్గింది.

ఆ ఊరికి హోమియోపతి తెచ్చింది ఆయనే. తెచ్చాడు అనడం కన్నా అదే వచ్చి మీద పడిందనడం సబబు. పాతికేళ్ళ వయసులో ఆయన పార్శిలాఫీసులో గుమాస్తా. ఎవరూ విడిపించుకోని పార్శిళ్ళు పెట్టే గదిలో పైఅర సర్దుతుంటే ఒక మూట జారి నెత్తిన పడింది. ఊరంతా నెత్తి మీదే అంటుంది గాని, భుజం మీద పడిందని ఆయన భార్య సాక్ష్యం చెబుతుంది. మూటలో వెనక అట్ట ఊడిన లావుపాటి పుస్తకం, అగ్గిపుల్లంత సీసాలు వరసగా నిలబెట్టిన చెక్కపెట్టె ఉన్నాయి. ఏడాది చూసినా దాని కోసం ఎవరూ రాలేదు. వేలం వేస్తే ఎవరూ పాడలేదు. నీ నెత్తినే పడింది కాబట్టి నువ్వే మొయ్యి అని ఆఫీసరు దాన్ని ఈయనకే అంటగట్టాడు.

ఆ ఆఫీసరే మొదటి రోగి. తొమ్మిది రోజులుగా వెక్కిళ్ళు. ఎన్ని నీళ్ళు తాగినా ఆగలేదు. గుమాస్తా పుస్తకం తెరిచి, భోజనం వేళ మొదలుపెట్టి ఆఫీసు మూసేదాకా ప్రశ్నలడిగి, రెండు గుళికలు నాలిక మీద వేశాడు. వెక్కిళ్ళు ఆగాయి. గుళికలకు ఆగాయో, తన పెళ్ళాం సంగతులు కూడా అడిగిన గుమాస్తా ధైర్యానికి అదిరిపోయి ఆగాయో ఎవరికీ తెలియదు. గుమాస్తాకి మాత్రం తెలిసిపోయింది. ఆరేళ్ళు పొద్దుటా సాయంత్రం చదివి, పరీక్ష రాసి, పట్టా తెచ్చుకుని, పెన్షనొచ్చే ఉద్యోగం వదిలేశాడు. మామగారు ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. మొదటి రెండేళ్ళూ ఉన్న రోగులు ఇద్దరే. ఒకరు భార్య, ఇంకొకటి పిల్లి. పిల్లికే త్వరగా గుణం కనిపించేదట. అది ప్రశ్నలకు జవాబు చెప్పి డాక్టర్ని తికమకపెట్టేది కాదు మరి. ఎదురువీధి సూదిమందు డాక్టరు, అక్కడికెళ్తే జబ్బు తగ్గదు గాని టీలోకి పంచదార దొరుకుతుందని అందరితో అనేవాడు. పేరు అలా వచ్చి అతుక్కుపోయింది.

అదంతా పాత సంగతి. ఇప్పుడు ఆయనకు అరవై ఎనిమిది. వీధి గదిలో బల్ల మీద కూర్చున్నవాళ్ళ బట్టల రాపిడికి చెక్క నున్నబడి, కొత్తవాళ్ళు కూర్చుంటే కిందికి జారుతున్నారు. గోడ పొడవునా అద్దాల బీరువా. పైఅరల్లో బిరడాలు బిగించిన సీసాలు, నడిమి అరలో ఉత్త పంచదార గుళికల జాడీలు, కట్టలుగా మడిచిన పొట్లాల కాగితాలు. అన్నిటికన్నా కిందఅరలో నోటుపుస్తకాలు. ఊళ్ళో ఎవరు దేనికి భయపడతారో, ఎవరు ఎవర్ని తల్చుకుని ఏడుస్తారో అన్నీ వాటిలో ఉన్నాయి.

వినీ వినీ ఆయన అలిసిపోయాడు. ఒళ్ళు అలిస్తే పడుకుంటే పోతుంది. ఇది చెవుల్లో మొదలై ఎముకల్లోకి దిగిన అలసట. రోగి రెండో వాక్యంలో ఉండగానే నాలుగోది ఏమిటో తెలిసిపోయేది. తెలిసినా తల ఊపుతూ కూర్చునేవాడు. పొద్దు వాలి చివరి రోగి వెళ్ళాక భార్య తన మోకాలి సంగతి మొదలుపెడితే కళ్ళు మూసుకునేవాడు.

"ఊళ్ళో అందరి కలలూ వింటారు. నా మోకాలి మాటెత్తితే మాత్రం మీకు నిద్రొస్తుంది" అనేది ఆవిడ.

ఆయన వైద్యంలో నియమాలు మూడు. ఒక మందే ఇవ్వాలి. ఇచ్చాక ఓపిగ్గా ఎదురు చూడాలి. మందు దగ్గరికి ఘాటైన వాసన ఏదీ రాకూడదు. వాసన తగిలితే మందు చచ్చిపోతుందని ఆయన నమ్మకం. ఆ మూడోది ప్రాణం మీదికి తెచ్చేంత గట్టిగా పాటించేవాడు. కాఫీ తాగొచ్చినవాణ్ణి వెనక్కి పంపేవాడు. అత్తరు పూసుకొచ్చిన ఒక పెద్ద అధికారిని గుమ్మం అవతలే నిలబెట్టి, కిటికీ ఊచల్లోంచి నాడి చూశాడు. ఆ అధికారి నోరెత్తలేదు. నోరెత్తితే ఉల్లిపాయ తిన్న సంగతి కూడా బయటపడుతుందని భయం.

అలాంటి మనిషికి పోయిన చలికాలంలో జ్వరమొచ్చి, తగ్గుతూ తగ్గుతూ వాసన తెలిసే గుణాన్ని పట్టుకుపోయింది. ఎవరికీ చెప్పలేదు. పరాయివాడి సంగతి రాసినట్టు నోటుపుస్తకంలో రాసుకుని, తనకు తనే ప్రశ్నలు వేసుకుని, మందు వేసుకుని, ఎదురు చూశాడు. ముక్కు మాత్రం తిరిగి రాలేదు.

ఇక టైలరమ్మ సంగతి. నాలుగు వీధుల కూడలిలో ఆవిడ కొట్టు ఎంత ఇరుకంటే, ఆవిడ దారం తెంపడానికి మోచెయ్యి లేపితే అది వీధిలోకి వచ్చేది. మొగుడు లేడు, పిల్లలు లేరు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా తిట్టగల మనిషి. నాలుగు నెలల కిందట మెడ పక్కన కంతితో వచ్చింది. నిమ్మగింజంత ఉన్నప్పుడు పట్టించుకోలేదు, అప్పటికి రేగుపండంత అయింది. చూడగానే డాక్టరు, ఇది నా పని కాదు, పెద్దాస్పత్రికి వెళ్ళి చూపించుకో అన్నాడు. ముప్పయ్యేళ్ళుగా కత్తెర నా చేతిలో ఉంది, ఇంకొకడి కత్తికి నా మెడ ఇవ్వను, మీరిస్తే మందివ్వండి లేకపోతే అదీ వద్దు అని ఆవిడ లేచింది. ఉత్తచేతులతో పంపలేక, మూడు నెలలు చూద్దామని మందిచ్చాడు. నెలనెలా మెడ కొలవాలన్నాడు. కొలతలు నాకొదిలెయ్యండి అని ఆవిడ తన మెడలో వేలాడే టేపు చూపించింది. ఆయన వదిలేశాడు.

మూడు నెలలు దాటి నాలుగోది నడుస్తుండగా ఒక పొద్దున్నే ఆవిడ సంతోషంగా వచ్చి, డాక్టరు ముందే టేపు మెడ చుట్టూ తిప్పి చూపించింది.

"పదమూడు ముప్పావు ఉండేదా? పదమూడుంపావుకి దిగింది. మొదట్లో గుణం లేదు గాని, మీరు మందు మార్చారు చూడండీ, అప్పట్నుంచే తగ్గడం."

మందేం మార్చలేదన్నాడు ఆయన.

"నా దగ్గర దాపరికం దేనికి డాక్టరుగారూ? మొదటి నెల పొట్లాలకి వాసనే లేదు. ఆ తర్వాతవన్నీ బట్టల పెట్టె వాసన. కలరా ఉండలు అరమైలు దూరంలో ఉన్నా పట్టేస్తాను నేను. వాసన ఎలా ఉన్నా పర్లేదు, నాకు దీన్నే కొనసాగించండి."

ఆయన తల ఊపి, రేపొకసారి కనబడతానని పంపేసి, వీధి తలుపు గడియ పెట్టాడు. జాడీ మూత తీసి ముక్కు దాకా తెచ్చుకున్నాడు. ఏమీ తెలియలేదు. పొట్లాల కాగితం వాసన చూశాడు. అంతే. మోకాళ్ళ మీద కూర్చుని కిందఅరలో పుస్తకాలు ఒక్కొక్కటే తీశాడు. వాటి వెనక, చిరిగిన దిండుగలేబు గుడ్డలో మూటగట్టి, సగం అరిగిపోయిన తెల్లటి ఉండలు గుప్పెడు ఉన్నాయి.

భార్య అప్పుడే లోపలి గుమ్మంలోకి వచ్చింది. ఆయన చేతిలో మూట చూసి, పురుగులు మీ పుస్తకాల అంచులు కొరికేస్తుంటే చూస్తూ ఊరుకోమంటారా అంది. బీరువా లోపల పెట్టావా అని ఆయన అడిగాడు. పుస్తకాలు బీరువాలో ఉంటే ఉండలు పెరట్లో పెడతారా అని ఆవిడ. జ్వరమొచ్చి మంచమెక్కిన వారంలో పెట్టిందట. లేచాక ముక్కుకి తగిలి ఎలాగూ అరుస్తారు, అప్పుడు తీద్దాం అనుకుందట. ఆయన అరవలేదు. పోన్లే, పెద్దతనంలో కాస్త మెత్తబడ్డారనుకుంది.

చెబుతూ చెబుతూ ఆవిడ ఆగిపోయింది.

"మీకు వాసన తెలియలేదా?"

ఆయన చేతిలో మూటకు మళ్ళీ ముడి వేశాడు.

"ఎప్పట్నుంచి?"

"జ్వరం తగ్గినప్పట్నుంచి."

ఆవిడ బల్ల అంచున కూలబడింది. "కూర రెండుసార్లు అడుగంటేలా మాడ్చాను. బాగుందని తిన్నారు. నా మీద ప్రేమ అనుకున్నాను."

"మాడిందా?" అన్నాడాయన.

ఇద్దరూ కాసేపు నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆ రోజంతా ఆయన వీధి తలుపు తియ్యలేదు. గడిచిన మూడు నెలల పుస్తకం ముందేసుకుని పేజీ తర్వాత పేజీ తిప్పాడు. తన లెక్క ప్రకారం అప్పుడిచ్చిన మందంతా చచ్చిన మందే. కాని పుస్తకం నిండా తన చేతిరాతే: తగ్గింది, బాగా తగ్గింది, నిద్ర పడుతోంది, కొంత నయం, మళ్ళీ రాలేదు. పోయినేడు ఇవే నెలలవి తీసి పక్కన పెట్టాడు. అప్పుడూ అలాగే తగ్గాయి, అలాగే కొన్ని తగ్గలేదు. రెండు పుస్తకాలకూ తేడా కనిపెట్టమంటే రాసినవాడికే సాధ్యం కాలేదు. వాసనకు మందు చావదని అనుకుంటే, నలభయ్యేళ్ళు జనాన్ని కాఫీ తాగకుండా కాపలా కాసింది ఊరికే. చచ్చిందని అనుకుంటే, చచ్చిన మందుకు ఇంతమందికి ఎలా తగ్గింది? ఆ రెండో ప్రశ్న ముందు ఆయన ఎంతసేపు కూర్చున్నాడంటే, భార్య వచ్చి ఊపిరి ఆడుతోందో లేదో చూసి వెళ్ళింది. తమతో మాట్లాడ్డానికి ఇంకొక మనిషి ఉంటే వాళ్ళకు తగ్గుతుందా? అడిగి అడిగి విన్నందుకు తగ్గిందా? లేక దానంతటదే తగ్గేదా? జవాబు కావాలంటే ముందు ఓపిక కావాలి. ఆయన దగ్గర అదీ లేదు.

ఒక పేజీ దగ్గర మాత్రం వేలు ఆగింది. తలనొప్పులు వస్తాయి, పోతాయి. కంతి అలాంటిది కాదు. అక్కడా తన చేతిరాతే: అర అంగుళం తగ్గింది.

సాయంత్రం భార్యను పిలిచి, టైలరమ్మ కొలత చూపించి, ఇది నిజమై ఉంటుందా అని అడిగాడు.

"ఆవిడ టేపు నమ్మారా మీరు?" అంది భార్య. "నా నడుముకి ఇరవయ్యేళ్ళుగా ఒకే కొలత చెబుతోంది. మనల్ని సంతోషపెట్టడానికి టేపు బిగించి పడుతుంది, కుట్టేటప్పుడు మూడంగుళాలు వదులుగా కుడుతుంది. ఊళ్ళో ఆడాళ్ళంతా ఆవిడ దగ్గరికే ఎందుకెళ్తారనుకున్నారు?"

ఆయన పుస్తకం మూసేశాడు. రేపే వెళ్ళి అంతా చెప్పేస్తానన్నాడు. భార్య అడ్డుపడింది. చెప్పకండి, బీరువా కడిగేద్దాం, మందులు కొత్తవి తెప్పించుకుందాం, ఆవిణ్ణి ఆస్పత్రికి పొమ్మనండి చాలు, నిజం దాకా దేనికి అంది. ఆ కొట్లో చెప్పడమంటే ఊరి నడిబొడ్డున దండోరా వేయించడమే కదా అని కూడా అంది.

"ఉత్తినే పొమ్మంటే నాలుగు నెలల కిందట పోలేదు" అన్నాడాయన. "ఇప్పుడు తగ్గుతోందని నమ్ముతోంది. ఆ నమ్మకం నేనే తియ్యాలి. నేనిచ్చిందే కదా."

పొద్దున్నే వెళ్ళాడు. టైలరమ్మ మిషను ముందు కూర్చుని ఒక చొక్కాకి కాలరు వేస్తోంది. నోట్లో ఆరేడు గుండుసూదులు. ఆయన నిలబడే చెప్పాడు. వాసన తెలియని ముక్కు సంగతి, పుస్తకాల వెనక మూట సంగతి, మూడు నెలలుగా ఇచ్చినవాటిలో మందు లేదన్న సంగతి. తల ఎత్తకుండా ఆవిడ కుడుతూనే ఉంది. మందు లేకపోతే మరి ఎలా తగ్గిందని సూదుల మధ్యనుంచి అడిగింది. టేపు ఇలా ఇవ్వమన్నాడు.

నలభయ్యేళ్ళ వైద్యంలో ఆయన టేపు పట్టుకున్నది తక్కువ. వంకర పోకుండా మెడ చుట్టూ తిప్పి, కంతి మీదుగా తెచ్చి కలిపాడు. పద్నాలుగుంపావు.

"వదులుగా పట్టారు."

"వేలు దూరుతుందేమో చూసుకో అమ్మా."

ఆవిడ టేపు కింద వేలు పెట్టబోయింది. దూరలేదు. మిషను చక్రం మీది చెయ్యి ఆగింది. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి, చిన్న గుడ్డదిండుకు గుచ్చి, చివరి సూది గుచ్చాక ఆయన వైపు చూసింది.

"నలభయ్యేళ్ళ డాక్టరీ చేసి, టేపు నా చేతికిచ్చారా?"

"ఇచ్చాను."

"ఎందుకిచ్చారు?"

ఇన్నాళ్ళూ అడిగేవాడు ఆయన, చెప్పేవాళ్ళు వాళ్ళు. ఇవతలి వైపు నిలబడ్డం ఎంత కష్టమో ఆయనకు అప్పుడు తెలిసింది.

"అలిసిపోయానమ్మా. నువ్వు తగ్గిందన్నావు. తగ్గిందని రాసుకోవడం సులువుగా ఉంది."

ఆవిడ కాలరుకి వేలాడే దారం తెంపింది. "నాకూ బిగించి పట్టడమే సులువుగా ఉంది లెండి" అంది. చొక్కా మడిచి పక్కన పెట్టి, తలుపు మూస్తూ ఒకటే షరతు పెట్టింది. మీరూ రావాలి, లైన్లో మీరే నిలబడాలి, నా మెడ ఇలా చేసినందుకు మీ కాళ్ళకు ఆ మాత్రం శిక్ష ఉండాలి అంది.

పెద్దాస్పత్రిలో లైను ఎంత పొడుగంటే, మొదట్లో నిలబడ్డవాడు బయటికొచ్చి చివర్లో ఉన్నవాడికి లోపలి విశేషాలు చెబితే, వాడు ముందుకి వచ్చేసరికి అవి పాతబడిపోయేవి. ఆయన మూడు రోజులు నిలబడ్డాడు. మొదటిరోజు చీటీకి, రెండోరోజు పరీక్షలకి, మూడోరోజు శస్త్రచికిత్స తేదీకి. లోపల కుర్రడాక్టరు మూడే ప్రశ్నలడిగి, కంతి మీద వేళ్ళతో నొక్కి చూసి, ఇన్నాళ్ళూ ఏం చేశారని నాలుగోది అడిగాడు. టైలరమ్మ పెద్దాయన వైపు చూసి, టైం దొరకలేదు బాబూ, కుట్లు చాలా ఉన్నాయి అంది. బయటికొచ్చాక, ఏ పక్కకు తిరిగి పడుకుంటానో కూడా అడగలేదు వీడు, నా మెడ ఎలా ఇచ్చేది అని గొణిగింది.

కాగితాల్లో ఒకచోట రోగి తరఫున వచ్చినవాళ్ళు సంతకం పెట్టాలి. పక్కనే ఏమవుతారో రాయాలి. ఆయన కలం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"డాక్టరని రాయకండి. లోపలున్నవాళ్ళు నవ్వుతారు" అంది ఆవిడ. "అన్న అని రాయండి."

రాశాడు.

ఈలోగా ఊరికంతా తెలిసింది. చెప్పింది టైలరమ్మే. కొందరు వచ్చి గుమ్మంలోనే నిలబడి నానా మాటలూ అన్నారు. ఒకావిడ ఇరవయ్యేళ్ళు కాఫీ మాన్పించారు, ఆ కాఫీలన్నీ ఎవరిస్తారని నిలదీసింది. ఆయనకు అది న్యాయంగానే తోచింది. ఎదురువీధి సూదిమందు డాక్టరు, ఆయనా ఇప్పుడు కర్రపట్టుకుని నడుస్తున్నాడు, వచ్చి బల్ల మీద కూర్చుని ఒక్క ఎగతాళి మాట కూడా అనకుండా, తన నిద్ర పట్టని సంగతి గంటసేపు చెప్పి వెళ్ళాడు. సీసాలన్నీ కడిగి పెరటి గట్టున ఆరబెట్టింది భార్య. కొత్త మందులకి ఉత్తరం రాయనా అని రోజూ అడిగేది. చూద్దాంలే అనేవాడు. తలుపు మాత్రం తీసేవాడు. వచ్చినవాళ్ళు చెప్పింది విని, వేలు పెట్టి చూడాల్సింది చూసి, వెళ్ళాల్సినవాళ్ళను పెద్దాస్పత్రికి పంపేవాడు. పంపిన ప్రతివాడూ మీరూ రండి అనేవాడు. అదొక కొత్త అలసట.

టైలరమ్మను లోపలికి తీసుకెళ్ళిన రోజు ఆయన వసారాలో ఇనపబల్ల మీద కూర్చున్నాడు. మందిచ్చి ఎదురు చూడ్డం ఆయనకు అలవాటే. మందు తనది కాకుండా ఎదురు చూడ్డం అలవాటు లేదు. నర్సు బయటికొచ్చి ఈవిడ అన్న ఎవరని పిలిస్తే, రెండోసారి పిలిచేదాకా అది తనకని తట్టలేదు. కంతి ముక్కలవకుండా మొత్తం వచ్చిందని, పరీక్షకు పంపామని, ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే కత్తి పెట్టడానికి చోటుండేది కాదని చెప్పింది నర్సు. ఆయన సరే సరే అని తల ఊపి, గోడకు ఆనుకుని, మళ్ళీ కూర్చున్నాడు.

మూడోరోజు కట్టు మార్చేటప్పుడు ఆవిడ పక్కన ఆయన ఉన్నాడు. ఆవిడ గొంతు ఇంకా పూర్తిగా రాలేదు. నర్సు పాత గుడ్డ తీయగానే, తల తిప్పకుండా ఆయన చొక్కా అంచు పట్టుకుని లాగింది. వంగి చెవి దగ్గర పెట్టాడు.

"ఎన్ని కుట్లు?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని, నర్సు విసుక్కుంటున్నా వినకుండా, ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. "పదకొండు."

"దూరంగా వేశారా, దగ్గరగానా?"

ఆయన ఇంకాస్త వంగి చూశాడు.

"నీ అంత బాగా కాదు" అన్నాడు. "కాని మనిషి శ్రద్ధగానే కుట్టాడు."